ఫ్రేజ్ ఎక్కడ ఆగాలి: ఒక జాజ్ గిటార్ విద్యార్థి కేస్ స్టడీ

ఈ విద్యార్థి ముప్పై దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. హైదరాబాద్‌లో ఉద్యోగం, రాత్రిపూట గిటార్ సాధన. నా దగ్గరికి వచ్చేనాటికే చెయ్యి బాగా తిరిగింది. మేజర్ స్కేల్ మోడ్‌లు ఏడింటినీ ఫ్రెట్‌బోర్డు మీద ఎక్కడ అడిగితే అక్కడ వాయిస్తారు. సెవెన్త్ కార్డ్‌ల (కలిపి మోగే నాలుగు స్వరాల) ఆర్పెజియోలు, అంటే కార్డ్ స్వరాలను విడివిడిగా మీటడం, ఆల్టర్డ్ స్కేల్, డిమినిష్డ్ స్కేల్ అన్నీ వేళ్ల మీద ఉన్నాయి. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలను ఒక వరుసలో పెట్టుకుని, పట్టుదలతో నేర్చుకున్న మనిషి. అయితే మొదటి రోజు తనంతట తాను చెప్పని సంగతి ఒకటి ఉంది. చిన్నప్పుడు కొన్నేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకుని, వర్ణాల దాకా వచ్చి, ఇంటర్మీడియట్ చదువు ఒత్తిడిలో ఆపేశారు. నేను అడిగితేనే ఈ మాట బయటపడింది. తర్వాత మేము చేసిన పనికంతటికీ ఇదే పునాది అయింది.

ఆయన చెప్పుకున్న బాధ ఇది: "సార్, నేను తప్పు స్వరం వాయించడం లేదు. అయినా నా సోలో పాటలా వినిపించదు. స్కేల్ సాధన చేస్తున్నట్టే ఉంటుంది."

సోలో అంటే పాట కార్డ్‌ల మీద అప్పటికప్పుడు కట్టి వాయించేది. ఈ మాట విన్నప్పుడే సగం పని అయిపోయిందనిపించింది. జాజ్ నేర్చుకునేవాళ్లలో చాలామంది ఈ దశలో మరో కొత్త స్కేల్ కావాలని అడుగుతారు. ఈయన మాత్రం తనకు తెలిసినవన్నీ ఉండి కూడా ఏదో లేదని గుర్తించారు. ఆ లోటు ఏమిటో తేల్చడం నా పని.

మొదటి రికార్డింగ్ చెప్పినవి

పరీక్షకు ‘ఆటమ్ లీవ్స్’ ఎంచుకున్నాం. హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన బాణీ ఇది. ఫ్రెంచి సాహిత్యం జాక్ ప్రెవేర్‌ది, ఇంగ్లీషు మాటలు జానీ మెర్సర్‌వి. జాజ్ నేర్చుకునే ప్రతివాళ్లూ ముందో వెనకో ఈ పాట దగ్గరికి వస్తారు. మేము జి మైనర్‌లో తీసుకున్నాం. బ్యాకింగ్ ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాద్య సహకారం) పెట్టి, నిమిషానికి 120 బీట్ల వేగంలో రెండు చుట్లు, అంటే 64 బార్లు (బార్ అంటే నాలుగు బీట్ల కొలత), వాయించి ఫోనులో రికార్డు చేయమన్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని, గిటార్లు పక్కన పెట్టి, కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ విన్నాం.

స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ మొదటి బార్‌లో మొదలైన ఎయిత్ స్వరాల (అరబీట్ స్వరాల) వరుస ఎక్కడా తెగలేదు. మధ్యలో నిశ్శబ్దం వచ్చిన చోట్లు చూస్తే, అవి చెయ్యి ఒక పొజిషన్ నుంచి ఇంకో పొజిషన్‌కు మారడంలో దొర్లిన ఖాళీలే తప్ప, ఆగాలని ఆగినవి కావు. కార్డ్ మారిన ప్రతిసారీ ఆ కార్డ్ మూలస్వరం నుంచి కొత్త స్కేల్ మొదలవుతోంది. సి మైనర్ సెవెన్ రాగానే సి, ఎఫ్ సెవెన్ రాగానే ఎఫ్, బి ఫ్లాట్ రాగానే బి ఫ్లాట్. బేస్ వాద్యం చేయాల్సిన పనిని సోలో కూడా చేస్తోంది. దానితో ప్రతి బార్‌కు ఒకసారి స్వరాల గీత విరిగి, నాలుగైదు స్వరాల దూరం ఎగిరి, మళ్లీ కొత్తగా మొదలవుతోంది. ప్రతి స్వరాన్నీ పిక్‌తో ఒకే బలంతో మీటుతున్నారు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఫ్రేజ్ (పాటలో ఒక వాక్యం లాంటి స్వరాల వరుస) ముగింపు. ఫ్రేజ్ ఒక స్వరం మీద ముగియడం లేదు, చేతి కింద ఉన్న ఆకారం అయిపోయిన చోట ముగుస్తోంది. ఎక్కువసార్లు అది ఒకటో తీగ మీద, చిటికెన వేలు అందిన ఆఖరి ఫ్రెట్ దగ్గర.

ఆ తర్వాత ట్రాక్ ఆపేసి, పాట పల్లవిని "లా లా" అంటూ పాడమన్నాను. శ్రుతిలో చక్కగా పాడారు. "ఇప్పుడు అదే కార్డ్‌ల మీద నోటికి వచ్చింది పాడండి" అన్నాను. కాసేపు మొహమాటపడ్డారు. పాడిన తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఐదారు స్వరాలు, ఒక విరామం, దానికి జవాబుగా ఇంకో ఐదు స్వరాలు. మొత్తం గీత ఆరు స్వరాల వెడల్పు దాటలేదు. బి ఫ్లాట్ మేజర్ వచ్చే చోట గొంతు తనంతట తానే డి మీద నిలిచింది. అదే ఫ్రేజ్‌ను గిటార్ మీద వాయించమంటే మాత్రం చెయ్యి తడబడింది. స్కేళ్లన్నీ తెలిసిన వేళ్లు, సొంత గొంతు పాడిన ఐదు స్వరాలను వెతుక్కోవలసి వచ్చింది.

కాబట్టి నా నిర్ధారణ ఇది. ఊహలో పాట ఉంది, చేతిలో పరిజ్ఞానం ఉంది, రెంటి మధ్య దారి మూసుకుపోయింది. సోలోలో నిర్ణయాలు తీసుకుంటున్నది వేళ్ల అలవాటు. వేళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు గానీ ఎక్కడ ఆగాలో తెలియదు. ఎందుకంటే ఆగడాన్ని ఎవరూ సాధన చేయరు.

గిటార్‌కు ఈ జబ్బు తేలిగ్గా పట్టడానికి వాద్యంలోనే కారణం ఉంది. సాక్సఫోన్, ట్రంపెట్ వాయించేవాళ్లకు ఊపిరి అయిపోతుంది, ఫ్రేజ్ ఆగక తప్పదు. గిటారిస్టుకు ఆ హద్దు లేదు. పైగా ఫ్రెట్‌బోర్డు కంటికి ఆకారాలుగా కనిపిస్తుంది, చూపు ముందు పోతుంది, చెవి వెనక పడుతుంది. జాజ్ గిటార్ చరిత్రలో పాడినట్టు వాయించినవాళ్లలో చాలామంది ఏదో ఒక రకంగా ఊది వాయించేవాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లే. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ సోలోల్లో సాక్సఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ నడక వినిపిస్తుంది. ఆ క్రిస్టియన్ సోలోలను వెస్ మాంట్‌గోమరీ చెవితో విని, స్వరం పొల్లుపోకుండా నేర్చుకున్నారు, 1948లో లయొనెల్ హాంప్టన్ తన బృందంలోకి తీసుకున్నది ఆ పట్టు చూసే. జిమ్ హాల్ 1962లో సాక్సఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్‌తో కలిసి ‘ది బ్రిడ్జ్’ రికార్డు చేశారు. ఆ ఆల్బమ్‌లో గిటార్ ఎక్కడ మాట్లాడుతుందో, ఎక్కడ ఊరుకుంటుందో వినమని విద్యార్థికి మొదటి వారమే చెప్పాను.

పాట బాణీలోనే ఉన్న దారి

స్కేల్ సాధన పూర్తిగా ఆపించాను. ఆయనకు అది కష్టంగా తోచింది, అయినా ఒప్పుకున్నారు. దాని బదులు ‘ఆటమ్ లీవ్స్’ మొదటి ఎనిమిది బార్ల బాణీని స్వరాలుగా విప్పి చూశాం. ఆయనకు కర్ణాటక స్వరజ్ఞానం ఉంది గనుక, జి ని షడ్జమం చేసుకున్నాం. బాణీ ఇలా నడుస్తుంది:

స రి గ ధ, ని స రి ప ప, ధ ని స మ, ప ధ ని గ.

పాశ్చాత్య పేర్లలో చెబితే జి, ఎ, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్. ఎఫ్, జి, ఎ, డి, డి. ఇ ఫ్లాట్, ఎఫ్, జి, సి. డి, ఇ, ఎఫ్ షార్ప్, బి ఫ్లాట్. మొదటి మూడు ఫ్రేజ్‌లు నఠభైరవి స్వరాలు. నాలుగో దానిలో మాత్రం చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం వస్తాయి, అంటే అక్కడ గౌరీమనోహరి స్వరస్థానాలు. ఇక్కడ రాగం అనే మాట వాడను. రాగ సంచారం వేరు, ఇది వేరు. స్వరస్థానాలు గుర్తుపట్టడానికి మాత్రమే ఆ పేర్లు మాకు పనికొచ్చాయి.

నాలుగు ఫ్రేజ్‌లదీ ఒకటే నడక. మూడు స్వరాలు మెట్టు మెట్టుగా ఎక్కి, నాలుగో దానికి ఒక్క గెంతు. ప్రతిసారీ మొత్తం ఆకారం ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఇప్పుడు ఆగే స్వరాలను మాత్రం విడదీయండి: ధ, ప, మ, గ. అవరోహణలో నాలుగు వరుస స్వరాలు! మా పని మొత్తం ఈ నాలుగు స్వరాల చుట్టూ తిరిగింది.

వీటి కింద ఉన్న కార్డ్‌లు చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఇ ఫ్లాట్ మీద ఆగినప్పుడు కింద సి మైనర్ సెవెన్ ఉంది, మూలస్వరం నుంచి లెక్కపెడితే దానికి ఇ ఫ్లాట్ మూడో స్వరం. ఆ ఇ ఫ్లాట్ అలాగే నిలిచి ఉండగా రెండో బార్‌లో ఎఫ్ సెవెన్ వస్తుంది, దానికి అదే ఏడో స్వరం. మూడో బార్‌లో డి మీద ఆగుతాం, బి ఫ్లాట్ మేజర్‌కు అది మూడోది. నాలుగో బార్‌లో ఇ ఫ్లాట్ మేజర్ సెవెన్ వస్తే ఆ డి ఏడోది అవుతుంది. ఐదో బార్‌లో సి, ఎ మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్‌కు మూడోది. ఆరో బార్‌లోని డి సెవెన్‌కు ఏడోది. ఏడో బార్‌లో బి ఫ్లాట్, జి మైనర్‌కు మూడోది. కార్డ్ మేజరా మైనరా అన్నది మూడో స్వరం చెబుతుంది. కార్డ్ స్థిమితంగా ఉందా, ముందుకు కదలాలని చూస్తోందా అన్నది చాలావరకు ఏడో స్వరం చెబుతుంది. ఈ ఎనిమిది బార్లలో కోస్మా బాణీ ఎక్కడ ఆగినా ఈ రెండింటి మీదే ఆగుతుంది. అందుకే పక్కన ఏ వాద్యమూ లేకుండా ఈ పాటను ఒంటరిగా పాడినా కార్డ్‌లు మారుతున్నట్టు చెవికి తెలుస్తుంది.

ఈ విశ్లేషణ విద్యార్థికి తెలియనిది కాదు. గైడ్ టోన్లు (కార్డ్‌ల మూడో, ఏడో స్వరాలు) అనే పాఠం ఆయన చదివే ఉన్నారు. కానీ చదివినప్పుడు అది కార్డ్‌ల లెక్కగా మిగిలిపోయింది. ధ, ప, మ, గ అని గొంతుతో పలికినప్పుడు మాత్రం, చిన్నప్పుడు సరళీ వరుసల్లో నోటికి పట్టిన స్వరాలుగా వచ్చాయి.

మొదట ఆయన చేత కార్డ్‌ల మూలస్వరాలను మాత్రమే, బేస్ వాయించినట్టు, ఫోనులో రికార్డు చేయించాను. బ్యాకింగ్ ట్రాక్ పక్కన పెట్టాం. దాంట్లో పియానో, డ్రమ్స్, బేస్ అన్నీ నిండుగా ఉంటాయి గనుక మనం వాయించేది బాగున్నా లేకున్నా బాగున్నట్టే అనిపిస్తుంది. మూలస్వరం ఒక్కటే వినిపిస్తుంటే, దాని మీద ధ పాడితే సి మైనర్ పూర్తవుతుంది. మూలస్వరం సి నుంచి ఎఫ్‌కు మారుతుంది, ధ కదలదు, అయినా దాని స్వభావం మారిపోతుంది. ఈ మార్పును వినడమే మొదటి నెలల్లో ముఖ్యమైన పాఠం. వాయించేది మూడో తీగ ఒక్కదాని మీదే: 8, 7, 5, 3 ఫ్రెట్లు. పక్క తీగకు పోకూడదు. ఆకారాలకు అలవాటుపడిన చేతికి ఒకే తీగ ఇస్తే చూపు సాయం తగ్గి, చెవి పని మొదలుపెడుతుంది.

తలుపు తీసి చూడు

ఆగే స్వరాలు స్థిరపడ్డాక, అక్కడికి చేరే దారి గురించి ఆలోచించాం. ఇక్కడ అసలు లోటు లయది. ఆయన గొంతు పాడేటప్పుడు ఉన్న విరుపులు, పొడుగు పొట్టి తేడాలు, చేతికి వచ్చేసరికి అన్నీ ఒకే కొలత ఎయిత్ స్వరాలైపోయేవి. దానికి మందుగా మాటను వాడాను. జాజ్‌లో పాట సాహిత్యం తెలుసుకుని వాయించడం పాత సంప్రదాయమే, లెస్టర్ యంగ్ దానికి పేరుపడ్డ మనిషి. కానీ మా ఇద్దరికీ నిద్రలో కూడా నోట వచ్చేది తెలుగు. అందుకని తెలుగు వాక్యాన్నే తీసుకున్నాం: "తలుపు తీసి చూడు."

లఘువుకు ఒక ఎయిత్ (అరబీట్), గురువుకు ఒక క్వార్టర్ (ఒక బీట్) అని పెట్టుకున్నాం. త, లు, పు మూడూ లఘువులు. తీ గురువు, సి లఘువు, చూ గురువు, డు లఘువు. బార్ మొదటి బీట్ మీద ‘త’ మొదలుపెడితే, ‘పు’ రెండో బీట్ మీద పడుతుంది. ‘తీ’ మాత్రం రెండో బీట్‌కూ మూడో బీట్‌కూ మధ్య మొదలై, మూడో బీట్ మీదుగా సాగుతుంది. జాజ్ వినేవాళ్లు సింకొపేషన్ అని పిలిచేది అదే, బలమైన బీట్‌కు ముందే స్వరం పడిపోవడం. ‘చూ’ నాలుగో బీట్ మీద పడి, ‘డు’ సరిగ్గా తర్వాతి బార్ మొదటి బీట్ మీద దిగుతుంది. లెక్క వేస్తే తొమ్మిది ఎయిత్‌లు, ఒక బార్ మీద ఒకటి. ఎవరూ ప్రయత్నించకుండానే వాక్యం బార్ గీత దాటి ఆగుతుంది.

దానికి జవాబు: "ఎవరో వచ్చారు." ఎ, వ లఘువులు. రో గురువు. ‘వచ్చారు’లో ‘వ’ తర్వాత ద్విత్వాక్షరం ఉంది గనుక అదీ గురువే. చ్చా గురువు, రు లఘువు. మళ్లీ తొమ్మిది ఎయిత్‌లే. కానీ నడక వేరు. రో, వ, చ్చా మూడూ రెండు, మూడు, నాలుగు బీట్ల మీద నిలకడగా పడతాయి. మొదటి వాక్యం ఊగుతూ వెళ్తుంది, రెండోది నిలబడి చెబుతుంది.

ఇప్పుడు దీన్ని పాట మీద పెట్టాం. మొదటి బార్‌లో "తలుపు తీసి చూడు" మొదలై, ‘డు’ రెండో బార్ మొదటి బీట్ మీద ఇ ఫ్లాట్‌పై ఆగాలి. రెండో బార్‌లో మిగిలినదంతా నిశ్శబ్దం. మూడో బార్‌లో "ఎవరో వచ్చారు" మొదలై, ‘రు’ నాలుగో బార్ మొదటి బీట్ మీద డి పై ఆగాలి. ఆ ఇ ఫ్లాట్ ఎఫ్ సెవెన్‌కు ఏడో స్వరం, ఆ డి ఇ ఫ్లాట్ మేజర్‌కు ఏడో స్వరం. మధ్య స్వరాలు ఏవైనా సరే, లయ వాక్యానిది, ముగింపు పాటది. మొదట అన్ని అక్షరాలూ ఒకే స్వరం మీద, తర్వాత రెండు స్వరాల మీద, ఆ తర్వాత మూడింటి మీద.

ఆ రోజు క్లాసులో రెండు స్వరాలతో ఆయన వాయించిన నాలుగు బార్లు, మొదటి రికార్డింగ్‌లోని 64 బార్ల కంటే ఎక్కువ పాటగా వినిపించాయి. ఆయనే ఆ మాట అన్నారు.

కర్ణాటక సంగీతంలో నెరవల్ తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా ఉండదు. సాహిత్య పాదం మారదు, అక్షరాలు తాళంలో తమ చోట్లు వదలవు, స్వరాల నడక మాత్రం పెరుగుతూ పోతుంది. మా అభ్యాసానికి ప్రేరణ అక్కడిదే. అయితే నెరవల్‌లో శ్రుతి కదలదు, ఇక్కడ ప్రతి బార్‌కూ కింద నేల మారుతుంది, అందుకే ఆగే స్వరాన్ని ముందే నిర్ణయించుకోవలసి వస్తుంది.

ఆయన సొంతంగా వాక్యాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో మాట్లాడుకునేవే, బస్సులో విన్నవే. ప్రశ్నలు, విసుగులు, పిలుపులు. ఒక్కో వాక్యానికి ఒక్కో లయ. వాక్యాన్ని మొదటి బీట్ మీద కాకుండా రెండో బీట్ మీద, లేదా బీట్‌కూ బీట్‌కూ మధ్య మొదలుపెట్టించాను. దానితో ముగింపు కూడా పక్కకు జరుగుతుంది. ఆగే స్వరం కార్డ్ కంటే అరబీట్ ముందే పడితే తొందర, ఒక బీట్ ఆలస్యమైతే నిదానం. రెండూ జాజ్‌లో ఉన్నవే. ఏది కావాలో తెలిసి చేయడమే సాధన.

వినడం, అనుకరించడం

ఇదే కాలంలో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ వాయించిన ‘ఆటమ్ లీవ్స్’ను వినిపించాను. కానన్‌బాల్ ఆడర్లీ పేరు మీద 1958లో వచ్చిన ‘సమ్‌థిన్ ఎల్స్’ ఆల్బమ్‌లోది. అది కూడా జి మైనరే కావడం మాకు సౌకర్యం. నిబంధన ఒకటే: రికార్డింగ్ ఆపేసి ఆ సోలో భాగాన్ని గొంతుతో పాడగలిగేదాకా గిటార్ ముట్టకూడదు. రాసి పెట్టిన నొటేషన్ చూడకూడదు. ఎనిమిది బార్లు చాలు, పెద్ద సోలోలు అక్కర్లేదు. మ్యూట్ పెట్టిన ట్రంపెట్‌లో స్వరం ఎంత ఉందో నిశ్శబ్దమూ అంతే ఉందని, ఆ నిశ్శబ్దంలో డ్రమ్స్, బేస్ వినిపించే చోటు దొరుకుతుందని పాడుతుంటే తెలిసింది.

చేతి పని గురించి కూడా ఇక్కడే దృష్టి పెట్టాం. ప్రతి స్వరాన్నీ పిక్‌తో మీటితే, స్వరాలు ఎంత బాగున్నా విడివిడి ముక్కలుగా వినిపిస్తాయి. ఊది వాయించేవాళ్లు ప్రతి స్వరానికీ నాలుక తగిలించరు. అందుకని బీట్‌కు మధ్యలో పడే స్వరాన్ని మీటి, బీట్ మీద పడే స్వరాన్ని ఎడమచేతితోనే, హ్యామర్ ఆన్ లేదా పుల్ ఆఫ్‌తో, లేదా జారుతో పలికించే సాధన చేయించాను. దానితో స్వింగ్ (జాజ్ లయలోని ఊపు) దానంతట అదే మెరుగుపడింది. మెట్రోనోమ్‌ను రెండు, నాలుగు బీట్ల మీద మాత్రమే మోగేలా పెట్టుకున్నారు.

గమకాల విషయంలో కొంత జాగ్రత్త అవసరమైంది. నిలిపిన స్వరం మీద ఆయన వేలు తెలియకుండానే కంపించేది. గాత్రం నేర్చిన చేయి అది. జారును ఉంచాం, ముఖ్యంగా ఆగే స్వరానికి అర స్వరం కింది నుంచి జారి చేరడం జాజ్ గిటార్‌కు సహజం. కంపితాన్ని మాత్రం పక్కన పెట్టమన్నాను. రెండు సంగీతాలనూ కలపాలనే ఉద్దేశం ఈ కేసులో లేదు. జాజ్ నేర్చుకోవడానికి వచ్చిన మనిషికి జాజ్ ఉచ్చారణ రావాలి. కలపడం ఆ తర్వాత ఆయన ఇష్టం.

సోలో చిన్నబోయిన కాలం

కొన్ని నెలలకు కొత్త సమస్య వచ్చింది. ఈ పద్ధతిలో పనిచేసిన విద్యార్థులందరిలోనూ ఇది చూస్తాను. స్వరాలు తగ్గాయి, నిశ్శబ్దం పెరిగింది, ఫ్రేజ్‌లు చక్కగా ఆగుతున్నాయి. కానీ సోలో మొత్తం ఒకే ఎత్తులో, జాగ్రత్తగా, భయంగా నడుస్తోంది. బేస్ వాయించే మిత్రుడొకరితో కలిసి వాయించినప్పుడు ఆ మిత్రుడు కూడా నెమ్మదించిపోయారు. శ్రావ్యం అంటే తక్కువ స్వరాలని విద్యార్థి మనసులో పడిపోయింది.

నా అభిప్రాయంలో ఇది పెద్ద అపోహ. సాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ సోలోలో స్వరాలు వర్షంలా కురుస్తాయి, అయినా పాడుకోవచ్చు, ఎందుకంటే ప్రతి వరుస ఎక్కడికో చేరుతుంది. స్వరాల సంఖ్య ఎంత అన్నది ఇక్కడ పాయింటే కాదు.

అప్పుడు ఆయన పాత విద్యను వెనక్కి పిలిచాం. ఆర్పెజియోలు, ఆల్టర్డ్ స్వరాలు అన్నీ వాడవచ్చు, ఒక షరతు మీద: గీత ఆగే స్వరం నుంచి వెనక్కి కట్టాలి. ఉదాహరణకు మూడో బార్‌లో డి మీద ఆగాలి. దానికి ముందు స్వరం ఇ ఫ్లాట్. దానికి ముందు జి ఫ్లాట్, దానికి ముందు ఎ, దానికి ముందు సి. అంటే ఎఫ్ సెవెన్ మీద సి, ఎ, జి ఫ్లాట్, ఇ ఫ్లాట్ అని దిగి, డి మీద కూర్చుంటుంది. ఇందులో జి ఫ్లాట్ బయటి స్వరం, ఎఫ్ సెవెన్‌కు ఫ్లాట్ నైన్ (అర స్వరం తగ్గించిన తొమ్మిదో స్వరం). దానికి ముందు సి మైనర్ బార్‌లో ఇ ఫ్లాట్, జి, బి ఫ్లాట్, డి అని ఎక్కవచ్చు. కలిపి వాయిస్తే ఎక్కి, వంగి, దిగి, ఆగే ఒక వాక్యం తయారవుతుంది. జి ఫ్లాట్ ఎక్కడా గుచ్చుకోదు, ఎందుకంటే వినేవాడి చెవికి గమ్యం ముందే తెలుస్తోంది. స్కేల్ నుంచి మొదలుపెట్టి వెళ్లినప్పుడు ఇదే జి ఫ్లాట్ ఆయనకు తప్పు స్వరంలా వినిపించేది.

అలాగే డి చుట్టూ పైన ఇ ఫ్లాట్, కింద సి షార్ప్ ముందు పలికించి, తర్వాత డి మీదికి రావడం. ఆగే స్వరాన్ని రెండు వైపుల నుంచీ చుట్టుముట్టి చేరే ఈ పద్ధతి బీబాప్ (1940ల జాజ్ శైలి) నాటి నుంచీ ఉన్నదే. నాలుగు ఆగే స్వరాలకూ ఇది చేయించాను.

మోటివ్ (ఒక చిన్న స్వర ఆలోచన) పని కూడా ఈ దశలోనే. ‘ఆటమ్ లీవ్స్’ బాణీ మొదటి ఎనిమిది బార్లు ఒకే ఆకారాన్ని మెట్టు మెట్టుగా దించడమే గనుక, నమూనా కళ్లెదుటే ఉంది. ఒక చిన్న ఫ్రేజ్ తీసుకుని, దాని ఆకారం ఉంచి స్వరాలు మార్చడం. లయ ఉంచి దిశ తిప్పడం. చివరి స్వరాన్ని కొత్త ఫ్రేజ్‌కు మొదటి స్వరం చేయడం. సోనీ రోలిన్స్ సోలోలు ఇలా ఒకే ఆలోచనను సాగదీసే తీరు గురించి సంగీతకర్త, విమర్శకుడు గంథర్ షుల్లర్ 1958లో రాసిన వ్యాసం ఈ విషయంలో పేరెన్నికగన్నది. ఎనిమిది బార్లు ఒకే ఫ్రేజ్‌తో గడపమన్నాను. విసుగు పుట్టినప్పుడు ఆపకుండా, ఆ విసుగు దాటేదాకా అదే ఫ్రేజ్‌తో ఉండమన్నాను. అక్కడే ఆయన సొంత ఆలోచనలు బయటికి వచ్చాయి.

రెండో రికార్డింగ్

దాదాపు ఏడాది తర్వాత, అదే పాట, అదే వేగం, అదే ట్రాక్‌తో మళ్లీ రికార్డు చేశాం. మొదటి చుట్టు మొదటి బార్ ఖాళీ. రెండో బార్ మధ్యలో మొదలైన ఫ్రేజ్ మూడో బార్‌లో డి మీద, ఒక బీట్ ఆలస్యంగా, ఆగింది. మొదటి చుట్టంతా ఒకే మోటివ్ తిరుగుతూ వచ్చింది. రెండో చుట్టులో స్వరాలు పెరిగాయి, పదిహేడో బార్ నుంచి ఎయిత్ వరుసలు వచ్చాయి, కానీ అవి ఎక్కడికి పోతున్నాయో తెలుస్తూనే ఉంది. పదబంధాల మధ్య బేస్ వినిపించింది. బలం ఒక చోట పెరిగి, ఒక చోట తగ్గింది.

నాకు నమ్మకమైన కొలత మాత్రం వేరే. రికార్డింగ్ వినక ముందే, ఆయన వాయించిన సోలోను పాడమన్నాను. మొదటిసారి ఇదే అడిగినప్పుడు ఒక్క బార్ కూడా గుర్తులేదు, చెయ్యి వాయించింది గనుక చెవిలో ఏమీ మిగల్లేదు. ఈసారి మొదటి చుట్టు దాదాపు అంతా, రెండో చుట్టులో ముఖ్యమైన ఫ్రేజ్‌లన్నీ పాడారు. తాను చెప్పింది తనకు గుర్తుంది.

మిగిలిపోయినవీ ఉన్నాయి. వేగం 180 దాటితే పాత ఆకారాలు తిరిగి వస్తాయి, ఎయిత్ వరుస మళ్లీ తెగకుండా సాగుతుంది. చివరి ఎనిమిది బార్లలో జి మైనర్ సెవెన్, సి సెవెన్, ఎఫ్ మైనర్ సెవెన్, బి ఫ్లాట్ సెవెన్ అంటూ బార్‌కు రెండేసి కార్డ్‌లు వచ్చే చోట ఇంకా మూలస్వరాల వెంట పరుగెడతారు. అక్కడ రెండు బార్లకూ కలిపి ఒకే ఒక ఆగే స్వరం పెట్టుకుని, మిగతా కార్డ్‌లను దాటిపోనివ్వమని చెప్పాను. అది ఇంకా కుదురుకోలేదు.

ఇప్పుడు జెరోమ్ కెర్న్ 1939లో కట్టిన ‘ఆల్ ది థింగ్స్ యు ఆర్’ మొదలుపెట్టాం. ఆ బాణీ కూడా ముఖ్యమైన చోట్ల కార్డ్ మూడో స్వరాల మీదే నిలుస్తుంది. ఎఫ్ మైనర్ మీద ఎ ఫ్లాట్, బి ఫ్లాట్ మైనర్ మీద డి ఫ్లాట్, ఇ ఫ్లాట్ సెవెన్ మీద జి. ఈ సంగతి నేను చెప్పకముందే ఆయన పాడి పట్టుకుని, మూడో తీగ మీద వాయించి చూపించారు. చిక్కు ఎక్కడంటే, ‘ఆటమ్ లీవ్స్’ జి మైనర్, దాని బంధువైన బి ఫ్లాట్ మేజర్ దాటి పెద్దగా పోదు గనుక ఒకే షడ్జమం పెట్టుకుని ధ ప మ గ అనుకోగలిగాం. ఈ పాట ఎ ఫ్లాట్‌లో మొదలై సి కి, ఇ ఫ్లాట్‌కు, జి కి, ఇ కి మారుతూ పోతుంది. షడ్జమం స్థిరంగా ఉండదు. స్వరాల పేర్ల ఆసరా ఇక్కడ పనిచేయదు. అందుకని పేర్లు వదిలేసి, కార్డ్ మూలస్వరం వినిపించగానే దాని మూడో స్వరాన్ని ఏ పేరూ లేకుండా పాడే సాధన పెట్టుకున్నాం. మొదటి ఎనిమిది బార్లు గొంతుకు వచ్చాయి. జి మేజర్‌లోకి మారే చోట గొంతు ఇంకా పాత షడ్జమాన్నే పట్టుకుని ఉంటోంది, ఈ నెల పని అక్కడే.